రిమోట్‌లో మెమరీ ఐసీ మార్చాను

మా ఇంట్లో ఉన్న ఆంప్లిఫైయర్‌కు కంపెనీ అంటూ లేదు. చాలా ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఎవరో అసెంబుల్ చేసి అమ్ముతుంటే నాయిన కొనుక్కొచ్చాడు. ముందు పలక మీద ఏదో పేరు మెరుస్తుంటుంది గానీ ఆ పేరుతో ఎంత వెతికినా ఏ కంపెనీ దొరకదు. దాని అసలు రిమోట్‌ను ఎలుకలు కొరికి పారేశాయి. అదృష్టం కొద్దీ అంతకు ముందే మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన యూనివర్సల్ రిమోట్‌కు ఆ మీటలన్నీ నేర్పించి పెట్టాను. అప్పటి నుంచి టీవీకి, సెట్‌టాప్ బాక్స్‌కు, ఆంప్లిఫైయర్‌కు ఆ ఒక్క రిమోటే దిక్కు. నాయినకు మోకాళ్ల నొప్పులు. వార్తలు అయిపోగానే భజనలు పెట్టుకోవాలంటే మాటిమాటికీ లేచి వెళ్లి మీటలు నొక్కే ఓపిక ఆయనకు లేదు.

ఆ రిమోట్‌కే మతిమరుపు పట్టింది. మొదట ఆంప్లిఫైయర్ వాల్యూమ్ తగ్గించే మీట పోయింది. నొక్కితే రిమోట్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, అవతల మాత్రం చలనం ఉండదు. వాల్యూమ్ పెరగడం సరిగ్గా పెరుగుతుంది, తగ్గదు. ఇంట్లో పెద్దాయన చేతిలో అలాంటి రిమోట్ ఉంటే వాడకట్టు మొత్తానికి భజన వినిపిస్తుంది. కొన్నాళ్లకు సెట్‌టాప్ బాక్స్ కోడ్ కూడా మరిచిపోవడం మొదలైంది. సెటప్ నొక్కి మళ్లీ నాలుగంకెల కోడ్ కొడితే ఒక పూట పనిచేసేది, మర్నాటికి మామూలే. సెల్లు మార్చిన రోజు మరీ ఘోరం.

సెల్లు తీసిన నిమిషంలోపే కొత్తవి వేయాలని పక్కింటాయన చెప్పాడు. ఆ మాట పాత రకం రిమోట్లకు వర్తిస్తుంది. వాటిలో సెట్టింగులు కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉండేవి. సెల్లు తీశాక లోపలి కెపాసిటర్‌లో మిగిలిన కాస్త కరెంటుతో కొద్ది నిమిషాలు నెట్టుకొచ్చేవి. మాది ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ ఐసీ ఉన్న రిమోట్. కరెంటు లేకపోయినా రాసింది అందులో అలాగే ఉంటుంది. సెల్లు లేకుండా ఏడాది అల్మారాలో పడేసినా మరవకూడదు. మరుస్తోందంటే జబ్బు వేరే.

ఇంకొందరు రీసెట్ కొట్టమన్నారు. ఈ రకం రిమోట్లలో సెటప్ మీట నొక్కి పట్టి 981 కొడితే ఫ్యాక్టరీ స్థితికి పోతుంది. కానీ దాంతోపాటు నేర్పించిన మీటలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. టీవీ కోడ్, సెట్‌టాప్ బాక్స్ కోడ్ పోతే పుస్తకం చూసి మళ్లీ కొట్టుకోవచ్చు. ఎందుకంటే వేల మోడళ్ల కోడ్‌లు రిమోట్ ప్రాసెసర్‌లోనే శాశ్వతంగా ఉంటాయి. ఆ లిస్టులో ఏ నంబరు ఎంచుకున్నామన్నది మాత్రమే ఈఈప్రామ్‌లో ఉంటుంది. నేర్పించిన మీటల సంగతి అలా కాదు. మా ఆంప్లిఫైయర్ సిగ్నళ్లు ఈ భూమ్మీద ఆ చిన్న ఐసీలో తప్ప ఇంకెక్కడా లేవు. అందుకే 981 జోలికి పోలేదు. ఇలాంటి రిమోట్ మీ ఇంట్లో ఉంటే మీరూ తొందరపడి పోకండి.

ఐసీ మీద అనుమానం పెట్టుకునే ముందు మిగతావన్నీ చూసుకోవాలి. ఫోన్ కెమెరా ఆన్ చేసి రిమోట్ ముక్కుకు ఎదురుగా పెట్టి మీట నొక్కితే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తెర మీద తెల్లగానో ఊదాగానో మిణుకుతుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాలో చూడండి, చాలా ఫోన్లలో దానికి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ అంత గట్టిగా ఉండదు. మా రిమోట్ అన్ని మీటలకూ మిణికింది, వాల్యూమ్ తగ్గించే మీటతో సహా. అంటే సెల్లు బాగున్నాయి, ఎల్‌ఈడీ బాగుంది, ఆ మీట కింద కరెంటు కలిపే కార్బన్ ముక్క కూడా బాగుంది. కింద పడి ప్రాసెసర్‌కు లయ ఇచ్చే రెజొనేటర్ పగిలితే అన్ని మీటలూ ఒకేసారి పోతాయి, ఒక్కటి పోదు. మీట నొక్కిన సంగతి ప్రాసెసర్‌కు తెలుస్తోంది, ఏదో ఒకటి పంపుతోంది కూడా. పంపాల్సింది కాకుండా వేరేది పంపుతోంది.

అయినా ఒకసారి విప్పాను. సెల్లు పెట్టే గూట్లో ఒక స్క్రూ, ఆ తర్వాత చుట్టూ ప్లాస్టిక్ లాకులు. పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా విప్పుకుంటూ పోవాలి. మా ఇంట్లో రిమోట్‌కు ఎప్పుడూ పాలిథిన్ కవర్, దానికి రబ్బర్ బ్యాండ్ ఉంటాయి. అయినా లోపల పసుపు, కొబ్బరినూనె, నల్గొండ దుమ్ము కలిసిన ముద్ద ఎలా చేరిందో ఆ దేవుడికే తెలియాలి. రబ్బరు మీటల షీట్‌ను సబ్బు నీళ్లతో కడిగి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. గోళ్ల రంగు తుడిచే ద్రావకం మాత్రం వాడొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఆరబెట్టి మళ్లీ బిగిస్తే రిమోట్ తళతళలాడింది గానీ జబ్బు తగ్గలేదు.

మా నల్గొండ ప్రకాశం బజార్‌లో నాకు తెలిసిన టీవీ మెకానిక్ ఒకాయన ఉన్నాడు. డబ్బా టీవీల కాలం నుంచి అదే షాపు. రిమోట్ చూసి నవ్వాడు.

"సారూ, గీ రిమోట్‌కు ఇంత తండ్లాట ఎందుకు? రెండొందలు పడేస్తే కొత్తదొస్తది."

"కొత్తదొస్తది అన్నా, అండ్ల మా ఆంప్లిఫైయర్ కోడ్ ఏడికెల్లి వస్తది?"

ఆయన కాసేపు మీటలు నొక్కి చూసి, నేను చెప్పింది మొత్తం విని, "గట్లైతే మెమరీ ఐసీ పోయినట్టే. పాత టీవీలల్ల గిట్లనే అయ్యేది. రాత్రి చానెళ్లన్నీ సెట్ చేసి ఇస్తే పొద్దుగాల్ల ఒక్కటుండకపోయేది" అన్నాడు. నిజమే. డబ్బా టీవీల్లో చానెళ్ల ట్యూనింగ్, వాల్యూమ్, బ్రైట్‌నెస్ దాచిపెట్టేది కూడా 24సి అనే నంబరుతో వచ్చే ఈ రకం మెమరీ ఐసీలే. అవి ప్రాసెసర్‌తో మాట్లాడే రెండు తీగల పద్ధతిని 1982లో ఫిలిప్స్ కంపెనీ తయారు చేసిందే టీవీ లోపలి వైర్లను తగ్గించడానికి. అందుకే పాత టీవీ మెకానిక్‌లకు ఈఈప్రామ్ అంటే తెలియకపోవచ్చు గానీ మెమరీ ఐసీ అంటే దాని నాడి మొత్తం చెప్తారు.

మా రిమోట్‌లో ఉన్నది 24సి16. ఎనిమిది కాళ్లు, కందిగింజంత ఉంటుంది. చివర ఉన్న 16 అంటే 16 కిలోబిట్లు, అంటే 2,048 బైట్లు. ఫోన్‌లో తెలుగులో టైప్ చేస్తే ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడుతుంది కాబట్టి ఇందులో ఏడు వందల తెలుగు గుర్తులు కూడా పట్టవు. నాలుగో కాలు గ్రౌండ్, ఎనిమిదోది కరెంటు, ఐదోది డేటా, ఆరోది క్లాక్. ఏడోది రాయకుండా తాళం వేసే కాలు, అది గ్రౌండ్‌కు కలిసి ఉంటే తాళం తీసి ఉన్నట్టు. మొదటి మూడు కాళ్లకు 24సి16లో పని లేదు.

మెకానిక్ అన్న తన డబ్బాలో వెతికి మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. మూడూ పనికిరావని చెప్పడానికి నాకే మొహమాటం వేసింది. మొదటిది డబ్బా టీవీ లోంచి తీసిన 24సి16. నంబరు అదే గానీ బోర్డుకు రంధ్రాలు చేసి గుచ్చే పెద్ద రకం, రిమోట్‌లో పట్టదు. పైగా అది ఐదు వోల్టుల టీవీలో పనిచేసిన పాత సరుకు. రెండోది ఎల్‌సీడీ టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ఉండే 24సి02. టీవీ తన రెజల్యూషన్ వివరాలు సెట్‌టాప్ బాక్స్‌కు చెప్పుకోవడానికి వాడేది, అందులో ఉండేది 256 బైట్లే. మూడోది 24సి32. సైజు సరిపోయింది, కాళ్లు సరిపోయాయి, మెమరీ రెండింతలు. "పెద్దదే కదా సారూ, ఇంకా మంచిదే" అన్నాడు. కాదు. 24సి16 వరకు బైటు అడ్రస్‌ను ఒక్క బైటులో పంపుతారు, 24సి32 నుంచి రెండు బైట్లలో పంపాలి. రిమోట్ ప్రాసెసర్ ఒకటే పంపి ఊరుకుంటుంది. ఐసీ రెండో దాని కోసం ఎదురుచూసి, డేటాగా వచ్చిన బైటును అడ్రస్ అనుకుంటుంది. తర్వాత అంతా గందరగోళం. ఈ రకంలో 16 స్థానంలో 16 మాత్రమే వేయాలి.

కొత్త ఐసీ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు పాతదాంట్లో మిగిలిందేదో కాపీ చేసుకోవాలి. నన్నడిగితే మొత్తం పనిలో అసలైన భాగం ఇదే. ఐసీ ఖరీదు టీ, సమోసా అంత. దాని లోపలున్నదానికే వెల లేదు.

సీహెచ్341ఏ అని ఐసీలను చదివి, వాటిలో రాసే ఒక చిన్న పరికరం (ప్రోగ్రామర్) ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. యూఎస్‌బీకి పెడితే చాలు. దాంతో వచ్చే క్లిప్‌ను ఐసీ కాళ్ల మీద గిల్లినట్టు పెట్టి, బోర్డు మీద ఉండగానే చదవొచ్చని వీడియోల్లో చూపిస్తారు. సెల్లు తీసేసి అలా పెట్టి చూశాను. ప్రతిసారీ వేరే చెత్త వచ్చింది. దానికి కారణం ఉంది. క్లిప్ నుంచి వచ్చే కరెంటు ఐసీకి మాత్రమే పోదు, బోర్డు మొత్తానికి పోతుంది. రిమోట్ ప్రాసెసర్ నిద్ర లేచి తనూ అవే రెండు తీగల మీద మాట్లాడడం మొదలుపెడుతుంది. పైగా ఈ నల్ల బోర్డు ప్రోగ్రామర్లలో డేటా తీగల మీద ఐదు వోల్టులు వస్తుంటాయి. అది ఐసీ తట్టుకుంటుంది గానీ మూడు వోల్టుల ప్రాసెసర్‌కు మంచిది కాదు. సెల్లు పెట్టే గూట్లో ఆరు పిన్నుల సాకెట్ ఒకటి ఉంది. అమెరికాలో ఈ రిమోట్లతో ఆడుకునేవాళ్లు దాన్ని జేపీ1 అంటారు. దానికి సరిపోయే కేబుల్ ప్రాసెసర్‌ను రీసెట్‌లో ఆపి ఐసీని చదువుతుంది. ఆ కేబుల్ నల్గొండలో దొరికే వస్తువు కాదు. ఇక ఐసీని ఊడదీయడమే దారి.

హాట్ ఎయిర్ మెషీన్ లేదు, ఉన్నది 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్. దాంతోనే అయింది. ఇంటి వైరింగ్‌లో మిగిలిన వైరు తొక్క తీసి, లోపలి రాగి తీగను యూ ఆకారంలో వంచి, ఐసీ రెండు వైపులా కాళ్లకు ఆనేలా పెట్టాను. సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ పూసి, తీగ మీదా కాళ్ల మీదా సీసం కలిసిన మామూలు సోల్డర్ ధారాళంగా పోశాను. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దాకా కరగదు, మనం షాపులో కొనే 63/37 రకం (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది. రెండూ కలిస్తే పని తేలికవుతుంది. ఐరన్‌ను తీగ చుట్టూ తిప్పుతుంటే ఒక క్షణంలో ఎనిమిది కాళ్లూ ఒకేసారి వదులైపోతాయి. పట్టకారుతో నెమ్మదిగా జరిపితే ఐసీ దానంతట అదే జారుతుంది. జారకపోతే లాగొద్దు, ఇంకా వేడి చేయండి. లాగితే బోర్డు మీది రాగి పొర లేచొస్తుంది, అప్పుడు రిమోట్‌కు దండం పెట్టేయాల్సిందే. మిగిలిన సోల్డర్‌ను రాగి జల్లెడలా ఉండే విక్‌తో పీల్చేశాను.

ఐసీని ప్రోగ్రామర్‌తో వచ్చిన చిన్న అడాప్టర్ బోర్డు మీద అతికించి, ప్రోగ్రామర్ సాకెట్‌లో 24 అని రాసిన సగంలో పెట్టాను. చదివి ఫైల్ సేవ్ చేశాను. మళ్లీ చదివి ఇంకో ఫైల్, మళ్లీ ఇంకోటి. బాగున్న ఐసీ అయితే ఎన్నిసార్లు చదివినా ఒక్క బైటు తేడా రాకూడదు. వీటిని పక్కపక్కన పెట్టి పోలిస్తే అక్కడక్కడ బైట్లు మారుతున్నాయి, అవి కూడా దాదాపు ఒకే ప్రాంతంలో. ఐసీయే పోయిందని అప్పుడు రూఢి అయింది. సోల్డర్ విరగడం, తుప్పు లాంటివేమీ కావు.

ఇలాంటప్పుడు ఐసీని పరీక్షించాలని చేయి దురద పెడుతుంది. సున్నాలు, ఒకట్లు మారిమారి వచ్చే 55, ఏఏ లాంటి నమూనాలు మొత్తం నింపి చదివితే ఏ బిట్ బిగుసుకుపోయిందో బయటపడుతుంది. కానీ రాస్తే ఉన్నది పోతుంది. డేటా చేతికొచ్చేదాకా పాత ఐసీ మీద ఒక్క బైటు కూడా రాయొద్దు. నేను బేసి సంఖ్యలో ఫైళ్లు తీసుకుని, ప్రతి బైటుకూ ఎక్కువ ఫైళ్లలో ఏ విలువ వచ్చిందో అదే ఖాయం చేసే నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఊగిసలాడే బైట్లు చాలా వరకు దాంతో కుదురుకున్నాయి. ఊగకుండా తప్పు విలువ దగ్గరే బిగుసుకుపోయిన వాటిని మాత్రం ఓట్లతో తేల్చలేం.

ఆ ఫైల్‌ను రిమోట్ మాస్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఈ రకం రిమోట్ల మెమరీని చదివి, ఏ మీటకు ఏం నేర్పించామో పట్టిక వేసి చూపిస్తుంది. మా ఆంప్లిఫైయర్ మీటలు దాదాపు అన్నీ ఎన్‌ఈసీ (NEC) అనే సిగ్నల్ పద్ధతిలో ఉన్నట్టు తేలింది. మన దగ్గర అమ్మే పేరులేని ఆంప్లిఫైయర్లలో, స్పీకర్ సెట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు సెకనుకు 38 వేల సార్లు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ముందు 9 మిల్లీసెకన్ల పొడవైన వెలుగు, తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్ల ఖాళీ, ఆ తర్వాత 32 బిట్లు వస్తాయి. వెలుగు తర్వాత ఖాళీ పొట్టిగా ఉంటే సున్నా, పొడవుగా ఉంటే ఒకటి.

నాకు బాగా నచ్చింది ఆ 32 బిట్ల అమరిక. మొదట పరికరం నంబరు, తర్వాత అదే నంబరు తలకిందులుగా, తర్వాత మీట నంబరు, చివర అది కూడా తలకిందులుగా. తలకిందులంటే ప్రతి సున్నా ఒకటిగా, ప్రతి ఒకటి సున్నాగా మారడం. రెండూ కలిపితే ఎప్పుడూ 255 రావాలి. రాకపోతే ఆంప్లిఫైయర్ ఆ సిగ్నల్‌ను పట్టించుకోదు. మా నాయిన మీట నొక్కితే జరుగుతున్నది అదే. వాల్యూమ్ తగ్గించే మీట దగ్గర మీట నంబరు 21, దాని తలకిందులు 235 అని ఉంది. కలిపితే 256. ఒక్క బిట్ తేడా. అసలు జత 21, 234 అయినా కావాలి, లేదంటే 20, 235 అయినా కావాలి. ఏది? పట్టికలో వాల్యూమ్ పెంచే మీట 20 అని శుభ్రంగా కనిపిస్తోంది. 20 పెంచడమైతే తగ్గించడం 21 తప్ప ఇంకేం కాదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రాత్రి పదకొండు దాటింది, మా ఆవిడ లేచొచ్చి "రిమోట్ కోసం ఇంత సంబురమా" అని లైటు ఆర్పేసి పోయింది.

బాస్ పెంచే మీట మాత్రం కుళ్లిపోయింది. దాంట్లో అర్థమయ్యేది ఏమీ మిగల్లేదు. అయితే మిగతా మీటల నంబర్లు వరుసగా ఉన్నాయి, మధ్యలో కొన్ని ఖాళీలు. పరికరం నంబరు ఎలాగూ తెలుసు కాబట్టి ఆ ఖాళీ నంబర్లను ఒక్కొక్కటిగా పంపి చూడొచ్చు. అది రిమోట్ లేచాక చేయాల్సిన పని.

కొత్త ఐసీని హైదరాబాద్ పోయే మా స్కూల్ సార్‌తో కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించాను. ఒక్కోటి ఇరవై రూపాయల లోపే, నాలుగైదు తెమ్మన్నాను. చెప్పి పంపేటప్పుడు ఒక్క విషయం కాగితం మీద రాసిచ్చాను. 24సి16 అంటే సరిపోదు, వోల్టేజీ చూడాలి. రిమోట్‌లో రెండు సన్న సెల్లు కలిపి కొత్తగా ఉన్నప్పుడు మూడు వోల్టులు, అరిగే కొద్దీ రెండున్నర కిందికి దిగుతాయి. పాత రకం 24సి ఐసీల్లో కొన్ని నాలుగున్నర వోల్టుల కింద పనిచేస్తామని హామీ ఇవ్వవు. మైక్రోచిప్ వాళ్ల 24ఎల్‌సీ16 రెండున్నర దాకా వస్తుంది, 24ఏఏ16 అంతకంటే కింద 1.7 వోల్టుల దాకా వస్తుంది. ఎస్‌టీ వాళ్ల ఎం24సి16లో చివర డబ్ల్యూ ఉంటే 2.5, ఆర్ ఉంటే 1.8. పేరు చివర ఉండే ఆ ఒక్క అక్షరాన్ని షాపుల్లో ఎవరూ పట్టించుకోరు, "అన్నీ ఒకటే సార్" అంటారు. పెద్ద వోల్టేజీ ఐసీ వేస్తే కొత్త సెల్లతో బ్రహ్మాండంగా పనిచేసి, సెల్లు సగం అరిగాక మళ్లీ మతిమరుపు మొదలవుతుంది. అప్పుడు ఐసీ మళ్లీ పోయిందనుకుని తల పట్టుకోవాలి. వచ్చినవి 1.7 వోల్టుల రకమే.

కొత్త ఐసీని బోర్డు మీద అతికించే ముందే ప్రోగ్రామర్‌లో పెట్టి నమూనాలు రాసి, చదివి, బాగుందని నిర్ధారించుకున్నాను. తర్వాత సరిచేసిన ఫైల్‌ను అందులోకి ఎక్కించాను. రిమోట్ మాస్టర్ సేవ్ చేసేటప్పుడు చెక్‌సమ్ (బైట్లు పాడవలేదని సరిచూసుకునే మొత్తం) కూడా సరిచేసి ఇస్తుంది. ఆ మొత్తం లెక్క తప్పితే రిమోట్ తన మెమరీ పాడైందనుకుంటుంది, అందుకే బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో చేత్తో మార్చి నేరుగా ఎక్కించకూడదు. మళ్లీ చదివి ఫైల్‌తో పోల్చాక సోల్డరింగ్.

తీయడం కంటే పెట్టడం తేలిక. ఐసీ మీద చుక్క ఉన్న వైపు మొదటి కాలు, బోర్డు మీద గుర్తుకు కలపాలి. మూలన ఉన్న ఒక కాలు అంటించి, సరిగ్గా కూర్చుందా అని చూసి, ఎదురు మూల కాలు అంటించి, తర్వాత మిగతావి. కాళ్ల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లే. నా వయసుకు భూతద్దం లేకుండా కష్టం గానీ చేయలేనిదేం కాదు. పక్క పక్క కాళ్లు కలవలేదని మల్టీమీటర్‌తో చూసుకుని, ఫ్లక్స్ తుడిచేసి, సెల్లు వేశాను. టీవీ వెలిగింది. సెట్‌టాప్ బాక్స్ మాట విన్నది. నాయిన వాల్యూమ్ తగ్గించే మీట నొక్కి పట్టుకుని సున్నా దాకా తెచ్చాడు, మళ్లీ పెంచాడు, మళ్లీ తెచ్చాడు. నమ్మకం కుదిరాక, "మరి బాస్?" అన్నాడు.

ఖాళీ నంబర్ల వేట మొదలైంది. ఒక్కో నంబరునూ వాడకంలో లేని మీటకు పెట్టి నొక్కి చూడడం. మళ్లీ మళ్లీ ఐసీ ఊడదీయాల్సిన పని లేదు. ఈ రిమోట్‌లో మీటకు నంబరు కొట్టి పంపే ఏర్పాటు సెటప్‌లోనే ఉంది, ఎంత నంబరు కొట్టాలో సాఫ్ట్‌వేర్ చెప్తుంది. ఒక నంబరుకు ఎకో మొదలై ఇల్లంతా గుడి మైకులా మోగింది. ఇంకోదానికి తెర మీద ఎఫ్‌ఎం అని వచ్చి బుస్సుమని శబ్దం. ఎలుకలు కొరికిన అసలు రిమోట్‌లో అలాంటి మీటే ఉండేది కాదు. ఒకే బోర్డును రకరకాల డబ్బాల్లో పెట్టి అమ్మినట్టున్నారు, లోపల రేడియో భాగం పెట్టకుండా వదిలేసినా కోడ్ మాత్రం మిగిలిపోయింది. ఆఖరికి బాస్ కూడా దొరికింది.

ఐసీ ఎందుకు పోయిందని మెకానిక్ అన్న అడిగాడు. ఈఈప్రామ్‌లో చదవడానికి లెక్క లేదు, రాయడానికి ఉంది. పాత ఐసీలకు కంపెనీలు లక్ష సార్లు, కొత్తవాటికి పది లక్షల సార్లు రాయొచ్చని హామీ ఇస్తాయి. ఆ తర్వాత వెంటనే పోతుందని కాదు, పోతే మాది పూచీ కాదని. మా రిమోట్‌లో టీవీ నుంచి సెట్‌టాప్ బాక్స్‌కు, దాన్నుంచి ఆంప్లిఫైయర్‌కు మోడ్ మార్చి, సెల్లు తీసి, ఏదో ఒక మీట కాసేపు నొక్కి పట్టి లోపలి కరెంటంతా దిగేలా చేసి, మళ్లీ సెల్లు వేస్తే ఆఖరి మోడ్ అలాగే గుర్తుంది. అంటే మోడ్ మార్చినప్పుడల్లా అది ఈఈప్రామ్‌లో రాసుకుంటోంది. నాయిన రోజుకు వంద సార్లు మోడ్ మార్చాడనుకున్నా ఏడాదికి 36,500, మూడేళ్లకు లక్ష దాటుతుంది. దానికి తోడు సెల్లు పూర్తిగా చచ్చేదాకా వాడే అలవాటు మా ఇంట్లో ఉంది. రాస్తుండగా వోల్టేజీ పడిపోతే ఆ బైటు చెడిపోవడం మామూలే. నా అంచనా ఈ రెండూ కలిశాయని. కొత్త ఐసీ పది లక్షల రకం కాబట్టి నాయిన మీటలు నొక్కుకోవడానికి ఇక అడ్డు లేదు. సెల్లు మాత్రం లైటు మసకబారగానే మారుస్తున్నాను.

చేయదగ్గ పనేనా అంటే, నేర్పించిన మీటలు లేని రిమోట్ అయితే కానే కాదు. కొత్తది కొని కోడ్ కొట్టుకోవడం మేలు. దొరకని రిమోట్ కోడ్‌లు అందులో ఇరుక్కుని ఉంటేనే ఈ శ్రమ. ఇప్పుడు ఆంప్లిఫైయర్ పరికరం నంబరు, మీటల నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఆంప్లిఫైయర్ అడుగున టేపు వేసి అంటించాను. ఫైల్ మా బావమరిదికి కూడా పంపాను, ఇంకో రిమోట్ దొరికితే అందులోకి ఎక్కించి పంపమని.

ప్రోగ్రామర్ ఇప్పుడు ప్రకాశం బజార్‌లో ఉంది. వాషింగ్ మెషీన్ బోర్డు ఒకటి వచ్చిందట, దాంట్ల కూడా గిదే మెమరీ ఐసీ ఉందని అన్న తీసుకుపోయాడు.